పద్దులో లేని కూలీ: తిరుపతిలో ఒక క్యారియర్ వంటింటి కేస్ స్టడీ

చిన్న హోటళ్లకు, మెస్సులకు, ఊరగాయలు పట్టి అమ్మేవాళ్లకు లెక్కలు చూసిపెట్టడం నా వృత్తి. తిరుపతిలో ఈ పని మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఉద్యోగం మానేసి వంట వ్యాపారం పెడతామంటూ వచ్చేవాళ్లు నెలకు ఒకరిద్దరైనా ఉంటారు. వాళ్లలో ఎక్కువమందికి నేను వద్దనే చెబుతాను. ఇది, నేను వద్దని చెప్పలేకపోయిన ఒకామె కథ. ఇందులో నేను చేసిన తప్పు కూడా ఉంది. ఈ కథ రాయాలనుకున్నదే ఆ తప్పు కోసం. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. పేరు చెప్పడం లేదు, ఆనవాలు పట్టే వివరాలు కొన్ని మార్చాను.

వచ్చినప్పటి పరిస్థితి

ఆమె నా దగ్గరకు వచ్చింది 2021 జూలైలో. అప్పటికి వయసు 41. ఒక ప్రైవేటు బీమా సంస్థలో, క్లెయిముల విభాగంలో 14 ఏళ్ల నౌకరీ. చేతికి వచ్చేది 38,000 రూపాయలు, మూల వేతనం 22,000. భర్త ప్రైవేటు కళాశాలలో అధ్యాపకులు, జీతం 32,000. కూతురు అప్పుడే ఇంటర్‌లో చేరింది. బైరాగిపట్టెడలో సొంత ఇల్లు, దాని మీద అప్పు లేదు. ఈ చివరి మాటను రెండుసార్లు అడిగి మరీ రాసుకున్నాను. నెల నెలా ఇంటి వాయిదా కట్టాల్సినవాళ్లకు నేను చెప్పే సలహా పూర్తిగా వేరుగా ఉంటుంది.

"ఎందుకు మానేద్దామనుకుంటున్నారమ్మా?" అని అడిగితే వంట గురించి చెప్పలేదు. మే నెల గురించి చెప్పారు. కరోనా రెండో ఉద్ధృతి. ఇంటి నుంచే ఆఫీసు పని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆస్పత్రి బిల్లులు, మరణ ధ్రువపత్రాలు, నిబంధనల ప్రకారం చెల్లించలేమని చెప్పాల్సిన ఉత్తరాలు. అదే వీధిలో నాలుగు కుటుంబాలు కరోనాతో ఇంట్లోనే ఉండిపోతే, రెండు వారాల పాటు వాళ్లకు మధ్యాహ్నం క్యారియర్లు కట్టి గుమ్మం ముందు పెట్టి వచ్చేవారట. "ఆ రెండు వారాల్లో ఆఫీసులో ఏం చేశానో ఒక్కటీ గుర్తులేదు సార్. ఏ రోజు ఏ ఇంటికి ఏ కూర పంపానో మాత్రం ఇప్పుడు అడిగినా చెబుతాను" అన్నారు.

ఆ మాట నన్ను కదిలించింది. అయినా కదిలించిన మాట మీద రాజీనామా రాయించకూడదు. ఉద్యోగం మీద విసుగు, వంట మీద ఇష్టం ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి, చాలామంది మొదటిదాన్ని రెండోదిగా పొరబడతారు. అందుకే ముందు రెండు వారాలు ఒక నోటుపుస్తకం పెట్టమన్నాను. రోజూ రాత్రి, ఆఫీసులో ఆ రోజు ఏ పని ప్రాణం తీసిందో ఒక్క వాక్యం రాయాలి. పది వాక్యాల్లో ఏడు ఒకటే మాట: క్లెయిము రాదని చెప్పడం. "ఆ విభాగం మారితే?" అని అడిగాను. ఆమె నిజాయతీగా ప్రయత్నించారు. సెప్టెంబరులో లెక్కల విభాగానికి బదిలీ దొరికింది. రెండు నెలలు గడిచాక, "ఇప్పుడు బాధ లేదు సార్. కానీ ఏమీ లేదు" అన్నారు. అప్పుడు నమ్మాను.

ఇరవై రెండు ఆదివారాలు

ఈలోగా ఆగస్టు నుంచే ఇంకో పరీక్ష నడుస్తోంది. ఉద్యోగంలో ఉంటూనే ప్రతి ఆదివారం 20 పార్శిళ్లు అమ్మాలి. ఆమె పుట్టిల్లు పుంగనూరు వైపు పల్లె. ఎంచుకున్న వంట రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఊరుబిండి అనే వేరుశనగ పచ్చడి. ఇంటి నుంచి వండి అమ్మినా ఆహార భద్రత సంస్థ వద్ద రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. ఏడాదికి 12 లక్షల లోపు వ్యాపారమైతే లైసెన్సు అవసరం లేకుండా ఏటా 100 రూపాయల రుసుముతో నమోదు సరిపోతుందన్నది అప్పటి నిబంధన. ఆ పద్నాలుగు అంకెల సంఖ్య వచ్చాకే మొదటి పార్శిల్ బయటికి పంపించాను.

మూడో ఆదివారం ఎలా చేస్తున్నారో చూద్దామని తెల్లవారుజామున వాళ్లింటికి వెళ్లాను. గుండిగలో బియ్యం మెత్తగా ఉడుకుతున్నాయి. ఆ గంజి మీద రాగిపిండిని కుప్పగా పోసి, కలపకుండా, మంట తగ్గించి మూత పెట్టేశారు. పిండి ఆవిరికి మగ్గేదాకా చేయి పెట్టకూడదట. తర్వాత గుండిగను రెండు పాదాల మధ్య బిగించి, తెడ్డు రెండు చేతులతో పట్టి తిప్పడం మొదలుపెట్టారు. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు. ముంజేతి నరాలు పైకి లేచాయి, మాట ఆగిపోయింది. నీళ్లలో వేలు ముంచి సంగటిని తాకి చూశారు. అంటుకుంది. మళ్లీ తిప్పారు. రెండోసారి వేలికి అంటలేదు. అప్పుడు తడి చేత్తో ముద్ద చేసి, నెయ్యి రాసిన పళ్లెంలో పెట్టి, నా వైపు చూశారు. ఆ చూపు ఆఫీసు గురించి మాట్లాడేటప్పుడు నేనెప్పుడూ చూడనిది.

ఈ పరీక్షలో నేను చూసేది లాభం కాదు. కొన్నవాళ్లలో ఆమెకు ముఖపరిచయం లేనివాళ్లు ఎంతమంది అన్న ఒక్క అంకె. చుట్టాలు, పక్కింటివాళ్లు, పాత ఆఫీసు స్నేహితులు మొదటి నెల ప్రేమతో కొంటారు. ఆ ప్రేమను గిరాకీ అనుకుని కొట్టు తెరిచి మునిగినవాళ్లను చూశాను. మొదటి ఆదివారం తెలియనివారు ఒక్కరూ లేరు. ఆరో ఆదివారం ముగ్గురు. పదహారో ఆదివారం 20 మందిలో 14 మంది. ఆ రోజు నేను నోరు మూసుకున్నాను.

ఆ ఆదివారాల్లో ఒక లెక్క కూడా దిద్దుకున్నాం. నాటుకోడిని ప్రాణంతో కిలో 400కు కొని, మాంసం కిలో 400 అని రాసుకునేవారు. ఈకలు, పేగులు పోగా కిలోకు మిగిలేది దాదాపు 650 గ్రాములు. అంటే మాంసం ఖరీదు కిలో 615. వంట బాగా వచ్చినవాళ్లు కూడా తప్పే చోటు ఇదే.

రాజీనామా కాగితాలు

2022 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను, చాలామంది ఇక్కడ డబ్బు పోగొట్టుకుంటారు కనుక. అప్పటి నిబంధన ప్రకారం అయిదేళ్లు దాటిన నౌకరీకి గ్రాట్యుటీ వచ్చేది: చివరి మూల వేతనాన్ని 26తో భాగించి, 15తోనూ నౌకరీ చేసిన ఏళ్లతోనూ గుణించేవారు. ఆమెకు 1,77,692 రూపాయలు వచ్చాయి. భవిష్య నిధిలో 6 లక్షల దాకా ఉంది. ఉద్యోగం పోయిన నెలకు 75 శాతం, రెండు నెలలకు మిగతాది తీసుకోవచ్చన్నది అప్పటి నియమం. ఒక్క రూపాయి తీయొద్దన్నాను. పదేళ్లు దాటిన నౌకరీ కాబట్టి పింఛను భాగానికి ధ్రువపత్రం తీసుకుని దాచుకుంటే 58 ఏళ్లకు పింఛను వస్తుంది. ఆఫీసు ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. అదే సంస్థ సొంత పాలసీలోకి మారే వీలుందేమో రాజీనామా ఇవ్వకముందే అడగాలి, ఇచ్చాక కాదు. బీమా సంస్థలోనే 14 ఏళ్లు పనిచేసిన మనిషికీ ఈ సంగతి నేను గుర్తుచేయాల్సి వచ్చింది.

పెట్టుబడి మొత్తం 5 లక్షల 8 వేలు. గ్రాట్యుటీ 1.78 లక్షలు, ఇంట్లో దాచుకున్నది 1.1 లక్షలు, ముద్ర పథకం కిశోర్ విభాగంలో బ్యాంకు అప్పు 2.2 లక్షలు. ఎవరో ఆమెకు ఆహార శుద్ధి పథకం కింద 35 శాతం సబ్సిడీ వస్తుందని ఆశ పెట్టారు. అది పొడులు, ఊరగాయలు, అప్పడాల వంటివి తయారుచేసే యూనిట్లకు, భోజనం వండి పెట్టేవాళ్లకు కాదని చెప్పి ఆ ఆశ తుంచాను.

స్థలం విషయంలో ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. ఆమె మరిదికి బస్టాండు దగ్గర కొట్టు తీసుకోవాలని ఉంది. రోజుకు వేలమంది యాత్రికులు దిగే ఊళ్లో అన్నం అమ్ముకోలేమా అన్నది ఆయన వాదన. తిరుపతిలో అందరూ చెప్పే మాటే ఇది. కానీ యాత్రికుడు ఈ రోజు తిని రేపు ఊరికి వెళ్లిపోతాడు. కొండ మీద తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో ఉచితంగా తింటాడు. అతని కోసం బస్టాండు దగ్గర కట్టే అద్దె, అడ్వాన్సు పెద్ద మెస్సులు మోయగలవు, ఒంటరి వంటమనిషి మోయలేదు. ఆమె వంటకు కావలసింది రేపు మళ్లీ తినేవాడు. ఎమ్మార్‌పల్లిలో ఒక సందులో, నెలకు 9,000 అద్దెకు రెండు గదులు తీసుకున్నారు. కూర్చుని తినే బల్లలు వేయలేదు. మధ్యాహ్నం క్యారియర్లు మాత్రమే. పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉండి ఇక్కడ ఇద్దరే మిగిలిన పెద్దవాళ్లు, విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేసే విద్యార్థులు, స్విమ్స్ ఆస్పత్రిలో రోగుల వెంట ఉండేవాళ్లు వాటిని తెప్పించుకునేవారు. 2022 జూన్‌లో పొయ్యి వెలిగింది.

మొదటి దెబ్బ

ఆ ఏడాది బ్రహ్మోత్సవాలు సెప్టెంబరు 27 నుంచి అక్టోబరు 5 దాకా. రెండేళ్లు గుడి లోపలే ఏకాంతంగా జరిగిన వాహన సేవలు మళ్లీ మాడవీధుల్లోకి వచ్చిన సంవత్సరం. ఊరు కిటకిటలాడింది. ఒక ట్రావెల్స్ వారు నాలుగు రోజుల పాటు రోజుకు 150 శాకాహార భోజనాలు, ఒక్కోటి 70 రూపాయలకు అడిగారు. మొత్తం 42,000. బయానా 10,000. మిగతా 32,000 నెల గడిచినా, రెండు నెలలు గడిచినా రాలేదు. ఫోను ఎత్తడం మానేశారు.

చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యం నమోదు ముందే చేయించి ఉంచడం అక్కడ అక్కరకొచ్చింది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ప్రకారం కొన్నవాడు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెల నెలా చక్రవడ్డీ. ఈ సంగతి రాసి, బిల్లులు జతచేసి రిజిస్టరు పోస్టులో ఉత్తరం పంపించాం. పదకొండో రోజు డబ్బు వచ్చింది. ఆమె మళ్లీ ఎవరికీ అరువు పెట్టలేదు.

గంటకు 29 రూపాయలు

ఈ కథలో నా తప్పు ఇక్కడుంది.

2023 ఫిబ్రవరి చివర ఒక సాయంత్రం వచ్చారు. పాత ఆఫీసు నుంచి ఫోను వచ్చిందట, తిరిగి వస్తారా అని. కుర్చీలో కూర్చుని చాలాసేపు ఏమీ అనలేదు. చేతుల మీద నూనె చిట్లిన మచ్చలు. "వంట అంటే ఇష్టం పోయిందేమోనని భయంగా ఉంది సార్" అన్నారు.

పుస్తకం తెరిచాం. ఫిబ్రవరి రాబడి 1,06,000: నెలవారీ క్యారియర్లు 45, ఒక్కోటి 1,800 చొప్పున 81,000, ఆదివారం సంగటి పార్శిళ్లు 25,000. ఖర్చులు: సరుకులు, కూరగాయలు, కోళ్లు 51,000. గ్యాసు 5,000. అద్దె 9,000. సహాయంగా ఉన్న మనిషికి రోజుకు 480 చొప్పున 12,500. క్యారియర్లు చేరవేసే అబ్బాయికి 8,000. పార్శిల్ డబ్బాలు, ఆకులు 3,500. కరెంటు, నీళ్లు 2,500. బ్యాంకు వాయిదా 4,800. మిగిలింది 9,700. మొదటి ఏడాదిలో చేతికి నష్టం లేకుండా 9,700 మిగిలిందంటే నా దృష్టిలో అది మంచి వ్యాపారమే. ఆ మాటే చెప్పబోయాను.

అప్పుడు ఆమె ఒక ప్రశ్న అడిగారు. "మా దగ్గర పని చేసే అక్కకు గంటకు ఎంత పడుతుంది సార్?" ఎనిమిది గంటలకు 480, అంటే గంటకు 60. "మరి నాకు?"

తెల్లవారి నాలుగు నుంచి మధ్యాహ్నం మూడు దాకా, రోజుకు 11 గంటలు, నెలకు 30 రోజుల లెక్కన. 330 గంటలు. 9,700ను 330తో భాగిస్తే 29 రూపాయల చిల్లర. తను జీతమిచ్చే మనిషిలో సగం కూడా కాదు.

మొదటి ఏడాది యజమాని జీతం పద్దులో రాయొద్దని చెప్పింది నేనే. మా వృత్తిలో అందరం అలాగే చెబుతాం. వ్యాపారం నిలదొక్కుకునేదాకా ఓర్చుకోవాలి, మిగిలినదే జీతం అంటాం. ఆ సలహా వల్ల జరిగిందేమిటంటే, ఎనిమిది నెలలుగా ఆమె వేసిన ప్రతి ధర, ఒప్పుకున్న ప్రతి అదనపు కూర, ఆమె చేతులకు విలువ సున్నా అన్న లెక్క మీద నడిచాయి. ఎవరైనా "ఇంకొంచెం పప్పు వేయమ్మా" అంటే వేశారు. మూడో కూర అడిగితే చేశారు. సరుకు ఖర్చు కొద్దిగానే పెరిగింది కదా అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఇళ్లల్లో ఆడవాళ్ల వంటను ఎవరూ పద్దులో రాయరు. ఆ అలవాటునే వ్యాపారంలోకి మోసుకొచ్చి, దానికి నా ముద్ర వేసి ఇచ్చాను. పోయింది వంట మీద ఇష్టం కాదు. 330 గంటలు ఉత్తిగా తిరిగిన చేతులు అలసిపోయాయి. ఆ రెండింటినీ వేరుచేసి చూపించే పద్దు నేను ఆమెకు ఇవ్వలేదు.

ఆ రాత్రే కొత్త పేజీ తీశాం. మొదటి గీత మీద, అద్దె కంటే పైన, "నా కూలీ: 18,000" అని రాయించాను. అది కట్టాక మిగిలితేనే లాభం.

ఆ ఒక్క గీత వల్ల మిగతావన్నీ కదిలాయి. ఏప్రిల్ నుంచి క్యారియర్ 2,200. మూడో కూర తీసేశారు. అన్నం, పప్పు లేదా పులుసు, ఒక వేపుడు, చారు, పెరుగు. ధర పెంచితే మనుషులు పోతారని ఆమె భయపడ్డారు, పోయారు కూడా. 45లో 9 మంది మానేశారు. మిగిలిన 36 మంది నుంచి వచ్చింది 79,200. పాత రాబడికి తగ్గింది 1,800 మాత్రమే. నెలకు 234 భోజనాలు తక్కువ వండారు. ఒక్కో భోజనానికి సరుకు 31 రూపాయల పైన పడేది కాబట్టి అక్కడ 7,000కు పైగా మిగిలింది. ఆదివారం పార్శిల్ 180 నుంచి 210కి పెరిగింది. ఆమె కూలీ 18,000 పోను ఆ నెల లాభం 1,500. మా ఇద్దరికీ అది ఫిబ్రవరి నాటి 9,700 కంటే పెద్ద అంకెగా కనిపించింది. పాత ఆఫీసుకు రాలేనని ఆ వారమే కబురు పంపారు.

పితికిపప్పు

కూలీ గీత వచ్చాక పాత వంటలన్నిటినీ మళ్లీ లెక్కగట్టాం. కిందటి డిసెంబరులో అమ్మిన పితికిపప్పు పులుసు దగ్గర మాకు వాదన వచ్చింది.

చిత్తూరు జిల్లా వాళ్లకు చెప్పనక్కరలేదు, మిగతావాళ్ల కోసం చెబుతాను. చలికాలంలో వచ్చే అనపకాయలు ఒలిచి, గింజలను రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒక్కొక్క గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కాలి. తోలు వేళ్లలో ఉండిపోతుంది, లేతాకుపచ్చ పప్పు రెండు బద్దలుగా జారి గిన్నెలో పడుతుంది. యంత్రం లేదు, దగ్గరదారి లేదు. పది కిలోల కాయలకు ఆమె దగ్గర 3 కిలోల పప్పు దిగింది. అది 30 మందికి సరిపోతుంది. కాయలు 500, కొబ్బరి, మసాలా, నూనె, గ్యాసు 550. మనిషికి 35. అన్నం, డబ్బా, చేరవేత కలిపితే 63. అమ్మింది 90కి. పాత పద్ధతిలో 810 రూపాయల లాభం. కానీ ఒలవడానికి 6 గంటలు, పితకడానికి 5, వండి కట్టడానికి 4. గంటకు 60 చొప్పున 900. అంటే ఇంటిల్లిపాదీ చలిలో కూర్చుని వేళ్లు నాననిచ్చి 90 రూపాయలు పోగొట్టుకున్నారు.

"వచ్చే డిసెంబరుకు ఇది వద్దమ్మా" అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. వాదించలేదు కూడా, ఆర్డర్ల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. ఆ ఫిబ్రవరిలో ఉన్న 45 నెలవారీ క్యారియర్లలో 17 మంది మొట్టమొదట తలుపు తట్టింది పితికిపప్పు కోసమే. ఒక పెద్దాయన, భార్య పోయాక నాలుగేళ్లుగా తినలేదట, తిని మర్నాడే నెల డబ్బు ముందుగా కట్టి వెళ్లారు. ఒక్క వంట లాభం చూసి వంటకు ధర కట్టాను. ఆ వంట పట్టుకొచ్చే మనిషి నా లెక్కలో లేడు. ఇది నా రెండో తప్పు.

2023 డిసెంబరులో మళ్లీ చేశారు, ముందుగా చెప్పినవాళ్లకే, 150 రూపాయలకు. ఒలిచే పని, పితికే పని అదే సందులో ఉండే ఇద్దరు పెద్దావిడలకు కిలో లెక్కన అప్పగించి, చేతిలో కూలీ పెట్టారు. కూలీలన్నీ పోను ముప్పై భోజనాల మీద 1,710 మిగిలింది.

టమాటా నెల

దీనికి ముందు, 2023 జూలై నెలాఖరుకు మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో 200కు చేరింది. మామూలు రోజుల్లో 20కి దొరికేది. ఈ వంటింట్లో రోజుకు 6 కిలోలు పడుతుంది. కిలో సగటున 150 అనుకున్నా నెలకు 20,000కు పైగా అదనపు భారం. ఆమె కూలీ మొత్తం అందులో కొట్టుకుపోతుంది.

ఏడాది క్రితమైతే ఆ 20,000 నిశ్శబ్దంగా ఆమె ఒంట్లోంచి పోయేది, ఎక్కడ పోయిందో ఇద్దరికీ తెలిసేది కాదు. ఈసారి పేజీ పైన 18,000 అన్న గీత ఉంది, దాన్ని ముట్టుకోవడానికి ఆమె ఒప్పుకోలేదు. నేను ధర 300 పెంచమన్నాను. ఆమె క్యారియర్లలో ఒక చీటీ పెట్టారు: "ఈ నెల టమాటా చాలా తక్కువగా వాడతాం. పులుపుకు మామిడికాయ, గోంగూర, చింతపండు, నిమ్మ." తోతాపురి కాయల పప్పు, గోంగూర పులుసు, పచ్చిపులుసు, నిమ్మకాయ చారు. రాయలసీమ పల్లెల్లో టమాటా అందనప్పుడు చేసుకునే వంటలే. రోజుకు 6 కిలోలు 2 కిలోలకు దిగింది. ఒక్క క్యారియరూ మానలేదు. సెప్టెంబరుకు 50 అయ్యాయి. నా ధరల పట్టికలో ఈ జవాబు లేదు. వంట తెలిసిన మనిషికే దొరికే జవాబు అది.

ఇప్పుడు

2024 డిసెంబరు నాటికి 62 క్యారియర్లు, వాటి మీద 1,36,400. ఆదివారాల మీద 32,000. ఆమె కూలీ 30,000. పాత జీతం 38,000కు అది ఇంకా తక్కువే. ఆ ఉద్యోగంలోనే ఉంటే ఈపాటికి ఎంతయ్యేదో లెక్క వేస్తే తేడా ఇంకా పెద్దది. మోకాళ్లు నొప్పి చేస్తున్నాయి. జూన్ 2022 తర్వాత వరుసగా రెండు రోజులు సెలవు తీసుకున్నది మూడే సార్లు. కూతురు ఇంజనీరింగ్‌లో ఉంది. భవిష్య నిధి ఇంకా ముట్టుకోలేదు. ఇదంతా ఆమె ముందే పెట్టి, తిరిగి చూసుకుంటే ఎలా ఉందమ్మా అని అడిగాను. "నాలుగు గంటలకు అలారం అక్కరలేకుండా లేస్తున్నాను సార్" అన్నారు. ఆ మాట కోసం నేనేమీ సాయం చేయలేదు.

ముందున్న చిక్కు పన్ను. నెలకు 1,68,400 చొప్పున ఏడాది వ్యాపారం 20 లక్షలు దాటుతుంది. 12 లక్షలు దాటినప్పుడే ఆహార భద్రత నమోదు నుంచి లైసెన్సుకు మారాం. ఇప్పుడు జీఎస్టీ. భోజనం మీద 5 శాతం, కొన్న సరుకుల మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. మామూలు పద్ధతిలో ఆ 5 శాతం తినేవారి దగ్గర వసూలు చేయవచ్చు. అప్పుడు 2,200 క్యారియర్ 2,310 అవుతుంది. చిన్న వ్యాపారులకు ఉండే కాంపోజిషన్ పద్ధతిలో కాగితాల పని తక్కువ, కానీ పన్ను విడిగా వసూలు చేయకూడదు, నెలకు 8,400 ఆమె చేతి నుంచే పోతుంది. 30,000 కూలీలో అది చిన్న ముక్క కాదు. నేను మొదటిదే మంచిదన్నాను. పెద్దవాళ్లకు ఇంకో 110 రూపాయలు ఎలా చెప్పాలా అని ఆమె ఆలోచిస్తున్నారు.

క్యారియర్లను 65 దగ్గర ఆపేయాలా, రెండో వంటమనిషిని పెట్టుకోవాలా అన్నది ఇంకో ప్రశ్న. ఆమె మనసులో ఒకరున్నారు, పితికిపప్పుకు వచ్చే పెద్దావిడల్లో ఒకరి కోడలు. సంగటి ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది, తెడ్డు తిప్పే ఒడుపు ఇంకా రాలేదు. నేను ఫిబ్రవరి దాకా ఆగి, అనపకాయల కాలం దాటాక నిజమైన గిరాకీ చూసి తేల్చుదామన్నాను. జనవరి పేజీ మాత్రం ఆమె ముందే గీసుకొచ్చారు. మొదటి గీత మీద "నా కూలీ: 30,000". రెండో గీత మీద ఆ అమ్మాయి పేరు, పక్కన "కూలీ" అన్న మాట, దాని ముందు ఖాళీ. అద్దె మూడో గీతకు దిగింది.